గుఱ్ఱము విడిచిన గుర్తులు

గత మాఘమాసములో ఒక వివాహమునకై మేము టేకుమట్ల పోయితిమి. 2016వ సంవత్సరమున కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఆ గ్రామము చిట్యాల మండలము నుండి వేఱుపడి, తానే యొక మండలకేంద్రమై, భూపాలపల్లి జిల్లాలో చేరినది. ఒక వంక మానేరు, తక్కిన వంకలందు ప్రత్తిచేలును వరిమళ్లును. అట్టి చోట నగరవీథుల ముచ్చట మాకు తటస్థపడునని మేము తలపలేదు.

సాయంకాలము పెండ్లికుమారుని ఊరేగింపునకు అంతయు సిద్ధమగుచుండగా ఊరి మొదట ఒక డి.సి.ఎం. వచ్చి ఆగినది. వెనుక తలుపు దింపి, నేలకు ఏటవాలుగా ఒక పలక వైచి, అందుండి ఒక తెల్లని గుఱ్ఱమును మెల్లమెల్లగా దింపిరి. దాని వెంటనే మఱియొక వాహనము నుండి వెండిరేకులు తాపిన బగ్గీ దిగినది. బండిని లాగవలసిన గుఱ్ఱము తానే బండియెక్కి వచ్చినది! గుఱ్ఱము చుట్టును పిల్లలు మూగిరి. ఒక చిన్నవాడు దాని తోకను వ్రేలితో తాకి, చటుక్కున చేయి వెనుకకు తీసికొని, "ఇది నిజం గుర్రమేనా?" అని అడిగెను. వానికి ఎనిమిదేండ్లుండును. ట్రాక్టరు పేరులన్నియు చెప్పగల బాలుడు.

గుఱ్ఱము యజమాని వరంగల్లువాడు, డెబ్బది యేండ్లు దాటిన ముసలి సాయిబు. ఊరేగింపునకు ఇంకను గంట వ్యవధి యుండుటచే ఆయనతో మాట కలిపితిమి. "మా నాయిన టేసన్ కాడ టాంగ నడిపిండు సారూ. నేను ఆయన పక్కపొంటి కూసోని నేర్చుకున్న. ఇప్పుడు పెండ్లిలకే. రోడ్డు మీద గుర్రానికి ఇంక ఏం పని?" అని ఆయన అనెను. ఆ చివరి ప్రశ్నయే మమ్ము ఆలోచింపజేసినది. నిజమే, నగరవీథులలో గుఱ్ఱమునకు పని తీఱినది. కాని గుఱ్ఱము నిజముగా వీథులను విడిచిపోయినదా? పోవుచు పోవుచు ఏమేమి విడిచిపోయినది? అంతటి నుండి మేము చూచినవియు, చదివినవియు, విన్నవియు కొన్ని ఇక్కడ మనవి చేయుచున్నాము.

ముందుగా ఆ బండిని ఎఱుగని వారికి దాని స్వరూపము చెప్పవలెను. తీరప్రాంతపు పట్టణములలో జట్కా, హైదరాబాదు వరంగల్లులలో టాంగా. రెండును రెండు చక్రముల బండ్లే, ఒక్క గుఱ్ఱము లాగునవే, కాని కూర్చుండు తీరు వేఱు. జట్కాకు గూడు ఉండును; క్రింద పచ్చగడ్డియో, ఎండుగడ్డియో పఱచి, పైన చాప వైచెదరు; వెనుక ఇనుపమెట్టు మీద కాలు పెట్టి, తల వంచి, లోనికి ప్రాకి, కాళ్లు ముడుచుకొని కూర్చుండవలెను. ఆ గడ్డి ఆసనమును అదియే, గుఱ్ఱమునకు మధ్యాహ్నపు మేతయు అదియే. టాంగాలో పీటలు వీపునకు వీపుగా ఉండును. ముందు కూర్చున్నవారు పోవుచున్న దారిని, వెనుక కూర్చున్నవారు పోయిన దారిని చూచుచుందురు. జట్కా అను మాటయే హిందుస్థానీ 'ఝట్కా' నుండి వచ్చినదందురు. కుదుపు అనియు, చుఱుకు అనియు అర్థము. ఎక్కినవారికి మొదటి అర్థము, ఎక్కించుకొన్నవానికి రెండవ అర్థము తోచి యుండును.

రెండు చక్రముల బండికి తూకమే ప్రాణము. ముందు బరువెక్కువయైనచో కాడి గుఱ్ఱము వీపును నొక్కును. వెనుక బరువెక్కువయైనచో కాడి పైకి లేచి, పొట్ట క్రింది పటకా బిగిసి, గుఱ్ఱము ముందుకాళ్లకు నేల అందదు. అందుచేత జట్కావాడు బండి కదలుటకు ముందు తన ప్రయాణికులను తూకపు రాళ్లవలె సర్దెడివాడు. "అయ్యగారు కొంచెం ముందుకు, అమ్మగారు పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకోండి" అనుచు అతడు పలికెడి మాటలు మర్యాదకొఱకు కాదు, గుఱ్ఱము కొఱకు. చర్నాకోల కఱ్ఱను తిరుగుచున్న చక్రపు ఆకులలో పెట్టి టరటర మనిపించుటయే నాటి హారను. ఆ చప్పుడునకు బాటసారులు తొలగెడివారు, గుఱ్ఱమునకు దెబ్బ తప్పెడిది. మంచి బండివాడు కొరడా చప్పుడు చేయును గాని కొట్టడని మా ముసలి సాయిబు చెప్పెను. అతని తండ్రి కొరడాకు ముప్పది యేండ్లలో తోలు మార్చవలసిన పని పడలేదట. ఇందులో కొంత కుమారుని అభిమానము కలిసియుండవచ్చును. ఉండనిండు.

వరంగల్లునకు రైలు 19వ శతాబ్దపు చివరి భాగమున వచ్చినది. సికిందరాబాదు నుండి బెజవాడకు నిజాము రాష్ట్రపు రైలుమార్గము 1889 నాటికి పూర్తియైనది. రైలు వచ్చిన గుఱ్ఱమునకు పని పోవునని అప్పటి పాశ్చాత్యులు కొందఱు భయపడిరట. జరిగినది దానికి విపరీతము. రైలు స్టేషను వఱకే తెచ్చును. స్టేషను నుండి ఇంటికి తెచ్చువాడెవడు? కావున ప్రతి స్టేషను ముందరను జట్కాల వరుస పుట్టినది. గుఱ్ఱమును తఱిమినది రైలు కాదు, మోటారు. హైదరాబాదు రాజ్యములో 1932వ సంవత్సరమున నిజాము రైల్వేవారి ఆధ్వర్యమునందు 27 బస్సులతో ప్రభుత్వ బస్సుల పని ఆరంభమైనది. పిదప సైకిలు రిక్షా, దాని పిదప ఆటో. గుఱ్ఱమునకు పోటీగా మొదట యంత్రము, తరువాత మనుష్యుడు, ఆ మీద మరల యంత్రము వచ్చినట్లైనది. గుఱ్ఱము లాగెడి బరువును మనుష్యుడు త్రొక్కుట పురోగతియని ఎవరు అనగలరు? గుఱ్ఱమునకు దినమునకు ఉలవలు, గడ్డి పెట్టక తప్పదు, అది పని చేసినను చేయకున్నను. "గుఱ్ఱము గ్రుడ్డిదైనా దాణాకు తక్కువలేదు" అని సామెత. రిక్షావానికి బేరము లేని దినమున దాణా ఎవరును పెట్టవలసిన పని లేదు. అందుకే రిక్షా గెలిచినది.

ఇప్పుడు గుర్తుల మాటకు వత్తము. వరంగల్లు స్టేషను బయట నేడు ఆటోలు నిలుచు తీరు చూడుడు. వరుసలో ముందున్నవానికే బేరము; వరుస తప్పినవానితో జగడము; నిండువఱకు కదలకుండుట; నలుగురు పట్టుచోట ఐదవవానిని చూపి "జరుగుండ్రి, ఇంకొకలు పడ్తరు" అనుట. ఇవి యేవియు మోటారుతో వచ్చిన అలవాట్లు కావు. టాంగాల అడ్డా మీద పుట్టిన కట్టుబాట్లు ఇవి. చక్రములు మూడైనవి, గుఱ్ఱము పోయినది, అడ్డా మాత్రము అట్లే యున్నది. టాంగాలో సర్దుబాటునకు తూకమను కారణముండెను. ఆటోలో ఆ కారణము పోయి, సర్దుబాటు మాత్రము మిగిలినది.

అంతకంటె విచిత్రమైనది ఒక మాట. తెలంగాణములో బస్సు ఆగు చోటును జనులు ఏమందురు? పట్టణమున బస్టాపు, కాని పల్లెదారి చీలు చోట 'స్టేజి.' "స్టేజి కాడ దిగు, ఆడికెల్లి నడువు" అని దారి చెప్పుదురు. ఊరి పేరుతో చేర్చి ఫలాని స్టేజి అని వ్యవహరింతురు. నాటకమాడు వేదికకును, చింతచెట్టు క్రింద బస్సు ఆగు తావునకును సంబంధమేమి? సంబంధము గుఱ్ఱము వలన కలిగినది. ఇంగ్లండులో దూరప్రయాణపు గుఱ్ఱపుబండ్లు ఒకే జత గుఱ్ఱములతో గమ్యము వఱకు పోజాలవు. పది పదిహేను మైళ్లకొకచోట అలసిన గుఱ్ఱములను విప్పి, సేద దీఱిన వానిని కట్టెడివారు. ఆ విడుదులను, వాని నడుమ దూరమును స్టేజి యనిరి. అట్లు నడచు బండి స్టేజి కోచి అయినది. మన భాషలో దీనికి చక్కని మాట మజిలీ. కాశీమజిలీ కథల పేరు విననివారెవరు? ఉత్తరములకు మనము వాడు 'టపా' అను మాటకును హిందుస్థానీలో ఒక మజిలీ, దాని దగ్గఱ చేతులు మాఱు ఏర్పాటు అను అర్థములు కలవు.

బ్రిటిషు ఇండియాలో 1861వ సంవత్సరమున స్టేజి క్యారేజీల చట్టమని యొకటి చేసిరి. గుఱ్ఱములు లాగుచు, బాడుగకు ప్రయాణికులను కొనిపోవు బండ్లకు అనుమతిపత్రములు, ఎక్కవలసిన జనసంఖ్య మున్నగు నియమములు అందులో కలవు. పిదప మోటారు వచ్చినది. చట్టములు మాఱినవి. కాని 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము తీసి చూచినచో, డ్రైవరు గాక ఆఱుగురికంటె ఎక్కువ మందిని, ఎవరి చార్జీ వారు వేఱువేఱుగ ఇచ్చుకొను పద్ధతిపై ఎక్కించుకొను మోటారు బండికి పెట్టిన పేరు అదియే: స్టేజి క్యారేజి. కనుక టేకుమట్లకు వచ్చు పల్లెవెలుగు బస్సు చట్టము దృష్టిలో నేటికిని గుఱ్ఱములు మార్చుకొనుచు పోవు బండికి వారసురాలే. 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకము క్రింద టికెట్టు సొమ్ము లేకయే ఎక్కుచున్న మన ఆడపడుచులు కూడ, చట్టప్రకారము, స్టేజి క్యారేజిలోనే ప్రయాణము చేయుచున్నారు. ఆ చింతచెట్టు క్రింద ఏనాడును ఎవరును గుఱ్ఱములు మార్చియుండరు. మాట మాత్రము సముద్రము దాటి, చట్టపు పుస్తకము దాటి, కండక్టరు నోటి మీదుగా వచ్చి అక్కడ స్థిరపడినది.

మాటల సంగతి వచ్చినది కనుక మఱి రెండు. రైలు స్టేషనులో "మీ కోచ్ నంబరు" అని వినబడును; ఆ కోచ్ అను మాటకు మూలము హంగరీ దేశమునందలి కోచ్ అను పల్లె, బండ్లు చేయుటలో పేరొందిన ఊరు. కారులో డ్రైవరు ముందరి పలకను డ్యాష్‌బోర్డు అందురు. పరుగెత్తు గుఱ్ఱపు గిట్టల నుండి ఎగిరిపడు బురద బండివాని మీద పడకుండ అడ్డముగ బిగించిన పలక అది. ఇప్పుడు ఆఫీసులలో కంప్యూటరు తెర మీద లెక్కలు చూపు పటమును కూడ డ్యాష్‌బోర్డు అనుచున్నారు. బురద ఎచ్చటికి పోయినదో!

మాకు అన్నిటికంటె ఇష్టమైన గుర్తు పొలములో ఉన్నది. టేకుమట్ల రైతును "నీ బోరుకు ఎంత మోటరు?" అని అడిగినచో "అయిదు హెచ్.పి." అనును. హెచ్.పి. యనగా అశ్వశక్తి. పద్దెనిమిదవ శతాబ్దమున జేమ్సు వాట్ తన ఆవిరియంత్రమును అమ్మవలసి వచ్చినది. కొనువారు తమ మిల్లులను గుఱ్ఱములతో త్రిప్పించుకొనుచున్నవారు. వారికి తెలిసిన కొలత గుఱ్ఱమే. కావున వాట్ ఒక గుఱ్ఱము నిమిషమునకు 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తు లేపునని కట్టి, తన యంత్రము ఎన్ని గుఱ్ఱముల పెట్టో చెప్పెను. నేటి లెక్కలో అది 746 వాట్లు. ఆ వాట్ అను కొలతకు ఆయన పేరే పెట్టినారు. గుఱ్ఱమును ఆయనయు అట్లు ఒకే లెక్కలో జంటగా నిలిచిరి. వాట్ చెప్పిన వేగమున దినమంతయు పనిచేయు గుఱ్ఱము అరుదు. అయితే కొలది క్షణములు మాత్రము గుఱ్ఱము దానికి ఎన్నో రెట్లు శక్తి చూపగలదు. అమ్మువాడు కొనువానికి తక్కువ చెప్పలేదనుట వాట్‌కు గౌరవమే.

మన ప్రాంతమున నీరు తోడినది గుఱ్ఱము కాదు, ఎద్దు. మోట కొట్టిన చేతులు ఇంకను అక్కడక్కడ కలవు. అయినను మన రైతు తన మోటారును ఎద్దులతో కొలువడు, ఎన్నడును చూడని ఇంగ్లండు గుఱ్ఱముతో కొలుచును. 2018 జనవరి 1వ తేది నుండి తెలంగాణములో వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఇచ్చుచున్నారు. రాత్రివేళ పొలము గట్టున నిలిచి చెవి యొగ్గినచో, నేల అడుగున ఐదు గుఱ్ఱములు నిద్ర లేక నీరు తోడుచున్నట్లు తోచును.

ఇచ్చట ఒక మాట దాచకుండ చెప్పవలెను. పట్టణవాసులు జట్కాను తలచుకొన్నప్పుడు గజ్జెల చప్పుడు, సినిమాకు పోయిన సాయంకాలములు, 'షోలే' చిత్రములోని బసంతి టాంగా జ్ఞప్తికి వచ్చును. పల్లెలోని వృద్ధులకు అట్లు కాదు. వివాహగృహమున అరుగుపై కూర్చున్న ఒక అవ్వను "మీ చిన్నప్పుడు ఊరిలో గుర్రాలుండేవా అవ్వా?" అని అడిగితిమి. "గుర్రమంటె దొరది బిడ్డా. మాది గాదు. గుర్రం ఒస్తుందంటె మా నాయిన గడ్డి మోపు ఎత్తుకొని ఉరికెటోడు" అని ఆమె అనెను. నిజాము కాలపు వెట్టిచాకిరిలో దొరలకును, ఊరికి వచ్చిన సర్కారు అధికారులకును కూలి లేని పనులు చేయుట, వారి గుఱ్ఱములకు గడ్డి తెచ్చుట యొక భాగమై యుండెను. ఎద్దు అన్నము పెట్టినది. గుఱ్ఱము అధికారమును మోసికొని వచ్చినది. అందుచేత తెలంగాణపు పల్లెలో గుఱ్ఱపు గిట్టల చప్పుడు సంగీతముగ వినబడలేదు. ఇప్పుడు అదే పల్లెలో, ఆ గడ్డిమోపు ఎత్తిన వారి మునిమనుమడు తెల్లగుఱ్ఱపు బగ్గీలో ఊరేగుచున్నాడు. డబ్బు దండుగయని ఆ పూట కొందఱు గొణిగిరి. మేమును మొదట అట్లే అనుకొంటిమి. అవ్వ మాట విన్న పిదప నోరు మూసికొంటిమి.

అధికారమునకును గుఱ్ఱమునకును గల ఈ పొత్తు మన చరిత్రలో పాతది. కాకతీయుల కొలువులో అశ్వబలమును చూచు ఉద్యోగికి అశ్వసాహిణి యని పేరు, గజబలమునకు గజసాహిణి. గణపతిదేవుని గజసాహిణి జాయప సేనాని నృత్తరత్నావళి వ్రాసినవాడు. నగరములందు ఈ పొత్తు నేటికిని ఉత్సవరూపమున నిలిచియున్నది. హైదరాబాదు పోలీసులకు అశ్వికదళము కలదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున 1886లో మౌలాలి నుండి మలక్‌పేటకు మార్చిన గుఱ్ఱపుపందెముల మైదానము అక్కడనే యున్నది. ఢిల్లీలో రాష్ట్రపతి బగ్గీ సంగతి చదువరులు వినియుందురు: దేశవిభజన వేళ దానిని భారతదేశమా, పాకిస్తానమా అని నాణెము ఎగురవైచి తేల్చుకొనిరని ప్రతీతి. భద్రతాకారణములచే చాల యేండ్లు కారునకు చోటిచ్చిన ఆ బగ్గీ, 2024 జనవరి 26న ద్రౌపదీ ముర్ముగారిని ఎక్కించుకొని గణతంత్రదినోత్సవపు వీథికి మరల వచ్చినది. చౌమహల్లా ప్రాసాదమున బగ్గీఖానా యను భాగములో నేడు ప్రదర్శించుచున్నవి నిజాముల పాత కారులు; 1912వ సంవత్సరపు రోల్స్ రాయిస్ కూడ అందులో కలదు. గుఱ్ఱపుబండ్ల ఇంటిపేరును కారులు పెట్టుకొని కూర్చున్నవి.

మదరాసులో మఱియొక గుఱ్ఱమున్నది. కంచుగుఱ్ఱము. దానిపై కూర్చున్నవాడు సర్ థామస్ మన్రో; 1800 నుండి 1807 వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి, పిదప మదరాసు గవర్నరై, 1827 జూలై 6న కర్నూలు మండలమునందలి పత్తికొండలో కలరా సోకి మరణించినవాడు. శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రే చేసిన ఆ విగ్రహమును 1839లో నిలిపిరి. చూచినవారు ఆశ్చర్యపడు విషయమేమన, గుఱ్ఱముపై జీను లేదు, కాళ్లకు రికాబులు లేవు. శిల్పి మఱచెనని కొందఱు కథలల్లిరి. కాదు, కావలెననియే విడిచెనని మఱి కొందఱు. పక్కనుండి పోవు మోటారుల వరదలో ఆయన కాళ్లు గాలిలో వ్రేలాడుచునే యున్నవి. రాయలసీమవారు మన్రోను మరువలేదు గాని, ఆయన నిజముగా స్వారి చేసిన దారులు వారి ఊళ్ల నడుమవి, మదరాసు బాటలు కావు.

ఇతరదేశముల నగరములు తమ గుఱ్ఱములకు రాతిగుర్తులు విడిచినవి. లండనులో 1859లో పుట్టిన ఒక సంఘము మొదట మనుష్యులకును, తరువాత పశువులకును వీథులలో నీటితొట్లు కట్టించినది. ఆ గ్రానైటు తొట్లు నేడు పూలకుండ్లుగ బ్రతుకుచున్నవి. కలకత్తాలో 1873లో గుఱ్ఱములు లాగు ట్రాము మొదలైనది, బొంబాయిలో 1874లో. మన పట్టణములకు గుఱ్ఱపుట్రాము రాలేదు. అట్టి రాతిగుర్తులును తక్కువ. కాని పల్లెలో, సందు మలుపున, పాత ఇంటి గోడమూలకు నాటిన రాయిని చూచియుందురు. బండియిరుసు తగిలి గోడ చెడకుండ పెట్టిన రాయి అది. ఇప్పుడు ఆ రాయికి తగులునవి ట్రాక్టరు చక్రములు. పట్టణములలో మధ్యతరగతి ఇండ్ల ముందర కట్టు 'పోర్టికో' కూడ అట్టిదే. వానలో బగ్గీ నుండి దిగు దొరసాని తడియకుండ కట్టిన కప్పు అది, దొరల బంగళాల నుండి మన ఇండ్లకు వచ్చినది. గుఱ్ఱమునకు బదులు స్కూటరు నిలిచినది. మఱి చెఱువులను మ్రింగుచున్న 'గుఱ్ఱపుడెక్క' ఉన్నదే! ఆ దక్షిణ అమెరికా మొక్క ఆకు గిట్ట ఆకారమున ఉండుటచే ఆ పేరు. గిట్టను చూడని పిల్లవాడు కూడ ఆ మాట ఎఱుగును. గుఱ్ఱమే చేయని నష్టము దాని పేరు మోసిన కలుపు చేయుచున్నది.

ఊరేగింపు మొదలైనది. ముందర డీజే బండి. మా గుండెలు అదరునంతటి శబ్దము. గుఱ్ఱము చెవులు వెనుకకు వాల్చి, కన్నులు తెల్లవైచి, ఒక్కచోటనే కాళ్లు మార్చుచుండెను. ముసలి సాయిబు దాని మెడకు తన భుజము ఆనించి, ఏదో సన్నగా చెప్పుచు నడచెను. "చెవులల్ల పత్తి పెట్టిన సారూ. లేకుంటె ఆగదు. పత్తి పెట్టినా నేల అదురుతది గద, కాళ్లల్లకెల్లి వినవడ్తది దానికి" అనెను. కాళ్లతో వినుట! ఈ మాట మేము ఏ పుస్తకమునందును చదువలేదు.

బండిలాగు జంతువుల రక్షణకై 1965వ సంవత్సరమున చేసిన కేంద్రనియమములు కలవు. దినమునకు తొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదు. ఎడతెగక ఐదు గంటలకు మించరాదు. 37 డిగ్రీలు దాటిన ప్రదేశమున మధ్యాహ్నము పన్నెండు నుండి మూడు వఱకు కట్టరాదు. బండివానిని, ఆరేండ్ల లోపు పిల్లలను విడిచి నలుగురికంటె ఎక్కువ మందిని ఎక్కింపరాదు. మంచి నియమములు. అవి టాంగాల కాలమున, బరువును ఎండను దృష్టిలో నుంచుకొని చేసినవి. డీజే శబ్దమును గూర్చి అవి వ్రాసినవారు ఊహింపలేదు. బొంబాయిలో విక్టోరియా బండ్లు చట్టవిరుద్ధమని 2015లో ఉన్నతన్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ తీర్పు గుఱ్ఱమునకు మేలే. కాని బండి పోయిన గుఱ్ఱమును ఉలవలు పెట్టి ఎవరు పోషింతురు? దేశమున 2012వ సంవత్సరపు గణనలో ఆఱు లక్షలకు పైబడి యున్న గుఱ్ఱములు, తట్టువలు, 2019 నాటికి సుమారు మూడు లక్షల నలువది వేలకు దిగినవి. ఏడేండ్లలో దాదాపు సగము. ఈ లెక్కకును టేకుమట్లలో ఆ రాత్రి కాళ్లు మార్చుచున్న గుఱ్ఱమునకును నడుమ నున్నది ఒక్క ముసలివాడు.

నాడాల సంగతి అడిగితిమి. తారురోడ్డు మీద నడచు గుఱ్ఱమునకు నెలా నెలన్నరకొకసారి నాడా మార్చవలెను; గిట్ట గోరువలె పెరుగును, చెక్కి సరిచేయవలెను. ఆ పని నాల్‌బందులది. పల్లెలలో ఎడ్లకును వారే కొట్టెడివారు. "నాలు కొట్టెటోడు పట్నంకెల్లి రావాలె సారూ. వాని కిరాయి, నాలు కంటె ఎక్కువ" అని చెప్పి, నవ్వి, ఇంకొకటి చెప్పెను. గుఱ్ఱము కాలి నుండి ఊడిన పాత నాడాకు క్రొత్తదానికంటె వెల ఎక్కువట! శనిదోషము పోవుటకు ఉంగరము చేయించుకొనువారు, గడపకు కొట్టుకొనువారు వచ్చి కొందురట. "రోడ్డు మీద కుప్పవోసి అమ్మేటియి గుర్రం మొకం సూడనియి. నా కాడ అసలైనయి దొరుకుతయి. కొడుకుకు గుర్రం అక్కర్లేదు, పాత నాలు అమ్ముకుంట అంటడు." కుమారుడు వరంగల్లులో ఆటో నడుపుచున్నాడట, తాత నిలిచిన స్టేషను ముందరనే, దాదాపు ఆ వరుసలోనే.

అర్ధరాత్రి ఊరేగింపు ముగిసినది. పెండ్లికుమారుడు దిగుచు గుఱ్ఱము మెడపై ఒకసారి చేయి వైచెను; ఫోటోకు కాదు, ఫోటోలవాడు అప్పటికే పోయినాడు. మేము స్టేజి దగ్గఱ నిలిచితిమి. ఆ వేళకు బస్సు లేదు. డి.సి.ఎం. వచ్చి మా ముందర ఆగినది. "హన్మకొండ దాక వస్తరా సారూ?" అని ముసలి సాయిబు లోపల నుండి పిలిచెను. ముందరి పీటపై ముగ్గురము సర్దుకొని కూర్చుంటిమి. డ్రైవరు కుఱ్ఱవాడు, వేగము వాడు. మొదటి స్పీడుబ్రేకరు వద్ద సాయిబు వాని భుజము తట్టి, "గుర్రమున్నది బేటా, మెల్లగ" అనెను. పిదప ప్రతి స్పీడుబ్రేకరు ముందరను, చిట్యాల దాటి, పరకాల దాటువఱకు, వాడు తానే వేగము తగ్గించెను. తగ్గించినప్పుడెల్ల మా వీపు వెనుక పలకలపై నాలుగు గిట్టలు తూకము సరిచూచుకొనెడి చప్పుడు వినబడుచుండెను.